లైనింగ్ కాదు, పైబట్ట: అమెరికా కస్టమ్స్ రూలింగుల సైట్ ‘క్రాస్’కి నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగున్నర. పైసా తీసుకోని సర్వీసుకి కూడా మార్కులు కోస్తావా అంటాడు మా ఆయన. ఆ అర మార్కు సంగతి తర్వాత.

నేను టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాను. వారమంతా ఉద్యోగం, శని ఆదివారాలు బ్యాగుల వ్యాపారం. పెడనలో మా బాబాయి దగ్గర కలంకారీ అద్దకం బట్ట తీసుకుని, అక్కడే హ్యాండ్‌బ్యాగులు కుట్టించి తెప్పిస్తాను. ఉగాదికీ దీపావళికీ ఇక్కడ మనవాళ్లు పెట్టే వేడుకల్లో స్టాల్ వేస్తాను, మిగతావి ఆన్‌లైన్‌లో పోతాయి.

2024 ఫిబ్రవరిలో మొదటిసారి కాస్త పెద్ద సరుకు తెప్పించాను. 300 బ్యాగులు, ఒక్కోటి 22 డాలర్లు, మొత్తం 6,600 డాలర్లు. సరుకు విలువ 2,500 డాలర్లు దాటితే ఫార్మల్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కి పూర్తిస్థాయి దిగుమతి పత్రం, వేయాలి. ఆ పని మనకి చేతకాదు కాబట్టి ఓ కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకున్నాను. ఆయన పేరెందుకులెండి. బిల్లు వచ్చింది: డ్యూటీ 17.6 శాతం, అంటే 1,161 డాలర్ల 60 సెంట్లు. ఫీజులు అదనం. నేను వేసుకున్న లెక్కలో అందులో సగం కూడా లేదు. ఇదేంటని అడిగితే, ‘ఇన్వాయిస్‌లో పాలియెస్టర్ అని ఉంది కదా మేడమ్, అది సింథటిక్ రేటు’ అన్నారు.

నిజమే, ఉంది. బాబాయి ఉన్నదున్నట్టు రాసే మనిషి. ‘లేడీస్ బ్యాగ్, కాటన్ ప్రింట్, పాలియెస్టర్ లైనింగ్’ అని రాశాడు. ఫోన్ చేసి చెప్తే ఆయనకి కోపం వచ్చింది. ‘ఏంటమ్మాయ్, లోపల వేసిన ఆ లైనింగ్ మీటరు నలభై రూపాయలది. పైన నేను అద్దించిన బట్టని వదిలేసి దానికా పన్ను?’

పన్నుల చదువేమీ లేకుండానే బాబాయి అసలు పాయింట్ పట్టుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

ఆఫీసులో ఒకావిడ ఈ సైట్ చూడమంది. రూలింగ్స్ డాట్ సీబీపీ డాట్ గవ్. అందరూ క్రాస్ అంటారు. ‘నా సరుకు ఏ కోడ్ (డ్యూటీ రేటు తేల్చే అంకె) కిందికి వస్తుంది’ అని ఎవరైనా రాసి అడిగితే కస్టమ్స్ వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చే జవాబే రూలింగ్. అలాంటివి 1989 నుంచి ఇప్పటిదాకా రెండు లక్షలకు పైగా అందులో ఉన్నాయి. లాగిన్ లేదు, ఫీజు లేదు. హ్యాండ్‌బ్యాగ్, కాటన్, పాలియెస్టర్ లైనింగ్ అని కొట్టాను. ఆ రాత్రి పన్నెండున్నర దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ కూర్చున్నాను.

ఆ లెటర్ల తీరు చూసి తీరాలి. బ్యాగు వెడల్పెంత, ఎత్తెంత, జిప్పు ఎక్కడుంది, లోపల ఎన్ని అరలున్నాయి, పట్టీ భుజానికా చేతికా, అన్నీ రాస్తారు. పెళ్లిచూపుల్లో మేనత్త కూడా పిల్లని అంత పట్టిపట్టి చూడదు. చివర్లో మాత్రం తేల్చేది ఒక్క మాట: ఈ బ్యాగు పైభాగం, అంటే బయటికి కనిపించే వైపు, దేనితో చేశారు?

హ్యాండ్‌బ్యాగులు మామూలుగా 4202 హెడింగ్ కిందే వస్తాయి. పైభాగం తోలైతే 4202.21. ప్లాస్టిక్ షీటో, బట్టో అయితే 4202.22. ఇంకేదైనా అయితే 4202.29. ఆరంకెల దాకా ఇండియాలోనూ ఇదే వరుస. ఆ తర్వాతి అంకెలు, రేట్లు ఏ దేశానివి ఆ దేశానివి. అమెరికాలో మామూలు రేట్లలో పైభాగం కాటన్ బట్టయితే 6.3 శాతం, పాలియెస్టర్ లాంటి సింథటిక్ బట్టయితే 17.6, ప్లాస్టిక్ షీటయితే 16. 20 డాలర్లు దాటిన తోలు బ్యాగుకి 9. లోపలి లైనింగ్‌ని ఈ లెక్కలోకి తీసుకోరు. అంచున కుట్టిన తోలు పట్టీ, తోలు పిడి లాంటివి కూడా చిన్నవైతే బ్యాగు కోడ్‌ని మార్చవు.

మా బ్యాగుకి దగ్గరగా ఉన్న రూలింగులు మూడు ప్రింట్ తీసి బ్రోకర్‌కి పంపాను. రెండు రోజులు చప్పుడు లేదు. తర్వాత, సరే, సవరణ వేస్తాం, దానికి 75 డాలర్లు అవుతుంది అన్నారు. తప్పు వాళ్లది, ఫీజు నాది. కట్టాను. ఎంట్రీ వేసిన 300 రోజుల లోపల ఇలా సవరించుకునే వీలుంది. కస్టమ్స్ లెక్క మూసేదాకా, అంటే మామూలుగా 314 రోజులు, ఆగాల్సి వచ్చింది. 745 డాలర్ల 80 సెంట్లు వెనక్కి వచ్చాయి. బాబాయికి చెప్తే, ‘చూశావా, ఆ దొరలకి అద్దకం విలువ తెలుసు’ అన్నాడు. వాళ్లు చూసింది కాటన్‌ని, అద్దకాన్ని కాదు అని చెప్పబుద్ధి కాలేదు.

చిక్కంతా రెండో డిజైన్‌తో వచ్చింది. ముందూ వెనకా కలంకారీ కాటన్, అడుగూ పక్కలూ పీయూ, అంటే తోలులా కనిపించే ప్లాస్టిక్ పూత బట్ట. వీగన్ లెదర్ అని ముద్దుపేరు పెట్టుకున్నా కస్టమ్స్ లెక్కలో దాని పైపూత కంటికి కనిపిస్తే అది ప్లాస్టిక్ షీటే. ఇప్పుడిది కాటన్ బ్యాగా, ప్లాస్టిక్ బ్యాగా? ఆరున్నర శాతం కూడా లేని డ్యూటీనా, పదహారా? ఇలా కలగాపులగంగా ఉన్నప్పుడు వస్తువుకి అసలు రూపం ఏ మెటీరియల్ వల్ల వచ్చిందో చూస్తారు. అదీ తేలకపోతే, పోటీలో ఉన్న కోడ్‌లలో వరసలో ఆఖరుగా వచ్చేదాన్ని వేస్తారు.

ఊహించి వేయడం ఇష్టం లేక 2024 అక్టోబరులో నేనే ఆన్‌లైన్‌లో రూలింగ్ అడిగాను. ఇదీ ఉచితమే. అయితే ఇంకా రాని సరుకుకే అడగాలి, వచ్చేసినదానికి కుదరదు. ఏ మెటీరియల్ ఎంత విస్తీర్ణం, ఎంత బరువు, ఎంత విలువ అన్నీ రాయాలి. శాంపిల్ బ్యాగుని వంటింటి గట్టు మీద పెట్టి టేపుతో కొలిచాను. కాటన్ ముక్కలు రెండు, ఒక్కోటి 14 అంగుళాలు బై 11, మొత్తం 308 చదరపు అంగుళాలు. పీయూ అడుగు 56, రెండు పక్కలు కలిపి 88, మొత్తం 144. అంటే కాటన్ 68 శాతం. మా అబ్బాయి క్యాలిక్యులేటర్ పట్టుకుని పక్కన నిలబడి, ‘అమ్మా, హ్యాండిల్ కొలవలేదు’ అన్నాడు. వాడు చెప్పాక అదీ రాశాను.

26 రోజులకి జవాబు వచ్చింది. విస్తీర్ణంలోనూ చూపులోనూ కాటనే ప్రధానం కాబట్టి 4202.22.45, డ్యూటీ 6.3 శాతం అని రెండు పేజీల లెటర్. ఆ నంబర్ ఎంట్రీలో వేస్తే అదే సరుకుకి ఏ పోర్ట్‌లోనూ ఎవరూ వేరే మాట అనడానికి లేదు. బ్రోకర్‌కి పంపాను. ఈసారి జవాబు ఐదు నిమిషాల్లో వచ్చింది.

ఇప్పుడు అర మార్కు సంగతి. చాలా లెటర్లలో ఫొటో ఉండదు. బ్యాగుని మాటల్లో చదివి కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. మాటలు కూడా వాళ్ల మాటలే కావాలి. మనం పర్సు అనేది ఇక్కడ వాలెట్, దాని కోడ్ వేరు. ఇక్కడివాళ్లు పర్స్ అనేది మన హ్యాండ్‌బ్యాగ్. టోట్ అనే మాటతో ఇంకా జాగ్రత్త. షాపింగుకీ ప్రయాణానికీ పనికొచ్చే పెద్ద సంచి 4202.92కి పోతుంది. అక్కడ పైభాగం ప్లాస్టిక్ షీటయితే 20 శాతం. స్టైల్‌గా ఉంటుందని ఇన్వాయిస్‌లో టోట్ అని రాశారో, 16తో పోయేదానికి 20 అడిగించుకున్నట్టే. ఇంకోటి, పాత రూలింగుల్లో కొన్నిటిని తర్వాత రద్దు చేసి ఉంటారు. ఆ విషయం అక్కడే రాసి ఉంటుంది, చూసుకోవాలి. ఎవరికో ఇచ్చిన రూలింగ్ మనకి దారి చూపిస్తుందే గానీ హామీ ఇవ్వదు. హామీ కావాలంటే మనమే అడిగి తెచ్చుకోవాలి.

ఒకటి మాత్రం ఈ సైట్ చేతిలో లేదు. 2017 జులై నుంచి 2019 జూన్ 5 దాకా ఇండియా హ్యాండ్‌బ్యాగుల్లో చాలావాటికి ఇక్కడ డ్యూటీయే లేదు. ఆ రాయితీ తీసేశారు. 2025 ఆగస్టు 27 నుంచైతే ఇండియా సరుకు మీద అదనంగా 50 శాతం వేశారు. అది దేశాన్ని బట్టి వేసింది, కాటనా పీయూనా అని అడగలేదు. ఆ సీజన్‌లో నేను ఆర్డరే పెట్టలేదు. 

బాబాయి ఇప్పుడు ఇన్వాయిస్ మీద మొదటి లైన్లోనే ‘పైభాగం నూరు శాతం కాటన్’ అని పెద్దక్షరాలతో రాయిస్తున్నాడు. లైనింగ్ సంగతి చివర్లో, చిన్నగా. దాచొద్దని నేనే చెప్పాను. మొన్న ఫోన్ చేసి, ‘తాటాకు అల్లిక బ్యాగులు బాగున్నాయమ్మాయ్, ఓ యాభై పంపించనా?’ అన్నాడు. ఆగు బాబాయ్ అన్నాను. అల్లిక అయితే 4202 కాదు, 4602. ఈ శనివారం రాత్రి మళ్లీ సైట్ తెరవాలి.