తాటిపూడి అడవి ఒడ్డున బస

విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయం దగ్గర, కొండ మొదట్లో ఉంది ఈ బస. విశాఖకు తాగునీరిచ్చే గోస్తనీ నీళ్లు కిటికీలోంచి కనిపిస్తాయి. ఫోను సిగ్నల్ అందదు, నాకదే కావాలి.

భోజనం గురించి చెప్పి తీరాలి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. పొట్టు పొడిపొడిగా ఉంది, ఎండుమిరపకాయలు మాడలేదు, ఆవఘాటు నేరుగా ముక్కుకెక్కింది. మా అమ్మకు పళ్లు లేవని వంటావిడ అడక్కుండానే చోడి (రాగి) అంబలి కాచి, మజ్జిగ కలిపి తెచ్చింది. “నెమ్మదిగా తాగండమ్మా” అంటూ పక్కనే కూర్చుంది. ఇంత ఆదరణ పెద్ద హోటళ్లలోనూ నేను చూడలేదు.

గది శుభ్రమే, కానీ దోమతెర చిరిగింది. భోజనశాలకు వెళ్లే మెట్ల దగ్గర దీపం లేదు. వర్షాకాలంలో పాములు తిరిగే చోటు కాబట్టి యజమాని వెంటనే పెట్టించాలి. పెద్దవాళ్లతో వెళ్తే కింది గదే అడగండి.