ఎక్స్‌వీ6 మొదలెట్టాలా, మినిక్స్ 3 మొదలెట్టాలా?

బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉండి ఎంటెక్ చేస్తున్న మా తమ్ముడి సందేహం ఇది. ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఎలా పనిచేస్తుందో కోడ్ చదివి నేర్చుకోవడానికి పనికొచ్చే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ రెండూ.

ఖర్చు: రెండూ ఉచితమే, పాత ల్యాప్‌టాప్ చాలు.

శ్రమ: ఎక్స్‌వీ6 అంటే, పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ ఆరో వెర్షన్‌ను చూసి ఎంఐటీ 2006లో పాఠం కోసం రాసుకున్నది. కోడ్ పదివేల లైన్లు దాటదు. కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, పని అడిగే దారి) చేర్చినప్పుడు మావాడు కెర్నెల్‌లోని సిస్టమ్ కాల్ పట్టికలో ఒక్క లైన్ మరిచాడు. ‘అన్‌నోన్ సిస్ కాల్ 22’ అంటూ రాత్రంతా అదే పాట! (ఎక్స్‌వీ6ను నడిపే ఎమ్యులేటర్, అంటే ఉత్తుత్తి కంప్యూటర్, క్యూఎము నుంచి బయటపడటానికి కంట్రోల్-ఎ, తర్వాత ఎక్స్. ముందే తెలిస్తే సగం టెన్షన్ ఉండదు.)

ప్రొఫెసర్ టానెన్‌బామ్ బృందం 2005లో తెచ్చిన మినిక్స్ 3 మైక్రోకెర్నెల్: కెర్నెల్ చిన్నదిగా ఉండి, డ్రైవర్ల (పరికరాలను నడిపే ప్రోగ్రాముల) లాంటివి బయట విడివిడిగా నడుస్తూ సందేశాలతో మాట్లాడుకుంటాయి. డ్రైవర్ కూలితే తిరిగి లేపే సర్వర్ (ప్రత్యేక ప్రోగ్రామ్) ఉంటుంది. ముచ్చటేస్తుంది కానీ, ఏ సందేశం ఎటు పోతోందో పట్టుకోవడానికే వారాలు పడుతుంది.

రిస్క్: మినిక్స్‌కు కొత్త విడుదలల్లేక ఏళ్ళయింది.

ల్యాబ్ గడువు తరుముతుంటే ఎక్స్‌వీ6. డ్రైవర్ల పిచ్చి, ఖాళీ వేసవి రెండూ ఉంటే మినిక్స్.