డబ్బా సేఫే, మరి కూర?

ఈ మూడు ప్లాస్టిక్ లంచ్ డబ్బాల సెట్టు కొని నాలుగేళ్లు దాటింది. మూత, వాషరు, సైజుల గురించి మిగతా రివ్యూల్లో అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. కేపీహెచ్‌బీలో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగేదాకా బ్యాగులో సాంబారు ఒక్క చుక్క కారలేదు, అది ఒప్పుకోవాలి. నా కోపమంతా అడుగున అచ్చు గుద్దిన రెండు మాటల మీదే: మైక్రోవేవ్ సేఫ్.

పోయిన ఎండాకాలం అమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. అమ్మ గుత్తొంకాయ అంటే నువ్వులూ పల్లీల ముద్ద, పైన వేలు మందాన తేలే నూనె. ఆఫీసు ప్యాంట్రీలో వెనక నలుగురు నిలబడి ఉంటే, మూడు నిమిషాలు నొక్కి ఫోన్‌లో పడ్డాను. తీసేసరికి కూర చిటపటలాడుతోంది. సుబ్బరంగా తిన్నాను కూడా. రాత్రి కడుగుతుంటే కనిపించింది: నూనె తేలిన మట్టం దగ్గర డబ్బా లోపల చుట్టూ తెల్లటి గీత. గోరుతో తడిమితే గరుకు, చిన్న చిన్న గుంటలు. అక్కడ ఉండాల్సిన ప్లాస్టిక్ ఎటు పోయినట్టు? అమ్మ కూడా వేలు పెట్టి చూసి, "కూరతోని డబ్బా గూడ తిన్నావురా?" అంది.

నీళ్లెక్కువున్న కూర వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నూనెకి ఆ కళ్లెం లేదు. డబ్బా ఏమో పాలీప్రొపిలీన్, అడుగున త్రికోణంలో 5 అంకె ఉండే రకం ప్లాస్టిక్. అది 160 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, మెత్తబడటం ఇంకా ముందే మొదలవుతుంది. ఇన్నాళ్లూ పప్పుచారు పెట్టుకున్నాను గనక బయటపడలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "సేఫ్ అంటే డబ్బా కరగదు, వంగదు అని సార్" అన్నారు. మరి కూరలోకి ఏం దిగుతుందంటే, అంతా రూల్స్ ప్రకారమేనట. ఆ రూలూ చదివాను. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగేది మొత్తం మీద కిలోకి 60 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది. అంటే ఎంతో కొంత దిగుతుందని వాళ్లకీ తెలుసు.

కొత్త డబ్బా ఉచితంగా పంపారు, ఆ మర్యాద కాదనను. దాని మీద 'బీపీఏ ఫ్రీ' అని మెరిసే స్టిక్కరు. బీపీఏ అనేది పాలీకార్బొనేట్ అనే వేరే రకం ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, పాలీప్రొపిలీన్‌కి దానితో పనే లేదు. పప్పు గిన్నె మీద 'ముళ్లు లేనిది' అని రాసుకున్నట్టుంది.

2023లో అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్లు పసిపిల్లల ఆహారం పెట్టే ప్లాస్టిక్ డబ్బాలను మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు వేడి చేసి చూశారు. కొన్నిటిలో చదరపు సెంటీమీటరుకి 42 లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ ముక్కలు, వాటికంటే ఎంతో చిన్నవైన నానో ముక్కలు 211 కోట్ల దాకా ఊడాయి. అవి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయన్నది ఇంకా తేలాల్సిందే. మా పాప అన్నం మాత్రం ఆ రోజు నుంచి స్టీలు గిన్నెలోకి మారింది.

రెండేళ్ల కిందట అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో "కళ్లు మూసుకుని కొనండి" అన్నది నేనే. అప్పట్లో మా ఆఫీసులో ఓవెన్ లేదు, చల్లారిన అన్నమే తినేవాణ్ణి. ఆ ముక్క చెప్పలేదు. మా ఇంట్లో వీటిని స్టీలు పీచుతో తోమిన మాటా నిజమే, లోపల గీతలు సగం మావే. అసలు రాత్రిళ్లు కర్రీ పాయింట్ నుంచి సలసల కాగే సాంబారు పల్చటి కవర్లో పట్టుకొచ్చే మనిషిని, నాకింత ఆవేశం తగునా అంటే ఏం చెప్పను.

గాజు డబ్బా కూడా కొన్నాను. లాప్‌టాప్‌తో కలిపి మోస్తూ అమీర్‌పేట మెట్లు ఎక్కలేక వారానికే మానేశాను. ఇప్పుడు డెస్కు డ్రాయర్లో ఒక పింగాణీ గిన్నె పెట్టుకున్నా. ఇంటి దగ్గర కూర చల్లారాకే డబ్బాలో సర్దడం, ఆఫీసులో గిన్నెలోకి వంచుకుని వేడి చేయడం. మీకు ఓవెన్‌తో పని లేకపోతే, పెరుగుకో పండ్లకో అయితే, ఇవి ఇప్పటికీ మంచివే అనిపిస్తుంది. నా అవసరానికైతే మూడు స్టార్లు, అవీ కారని మూతకే.

ఉచితంగా వచ్చిన డబ్బాని అమ్మ ఊరికి పట్టుకుపోయింది. ధనియాలు పోసుకుంటుందట.