కంప్రెషన్ మార్చుకునే ఇంజిన్: ఒక లేత్ పనివాడి అభిప్రాయం

నేను కార్ల గురించి రాసేవాణ్ణి కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఆరేళ్లు ఇంజిన్ సిలిండర్లను లోపల కోసి సాపు చేసే బోరింగ్ పని చేసినవాణ్ణి. షెడ్డు మా అబ్బాయికి అప్పగించి, ఆరు నెలలు ఉండిపోదామని అమెరికాలో అమ్మాయి దగ్గరికి వచ్చాను. టెనెసీ రాష్ట్రంలో మర్ఫ్రీస్‌బరో వాళ్ల ఊరు. అమ్మాయి నడిపేది 2022 మోడల్ నిస్సాన్ రోగ్. ఒకరు వాడిన బండినే కొన్నది. నేను వచ్చేసరికి మీటరు 41,000 మైళ్లు చూపిస్తోంది. దిగిన మర్నాడే బానెట్ ఎత్తాను. నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించలేదు. దించేశాను.

"మామయ్య గారూ, ఈ ఇంజిన్ కంప్రెషన్ తనే మార్చుకుంటుంది" అన్నారు అల్లుడు గారు.

నవ్వు వచ్చింది. కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో అది. మా షెడ్డులో కంప్రెషన్ మారిందంటే దాని అర్థం రింగులు అరిగాయనో, వాల్వు కాలిందనో. ఆ మాట అంటే ఆయన ఫోనులో బొమ్మ తెరిచి చూపించారు. ఆ బొమ్మ చూస్తూ ఆ రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను.

నాకు ఎందుకంత ఆశ్చర్యమో చెప్పాలంటే ముందు మా పని చెప్పాలి. రేడియేటర్‌లో నీళ్లు అయిపోయి వేడెక్కిన బండి వస్తే, హెడ్డు, అంటే సిలిండర్ల పై మూత, వంకర పోయి ఉంటుంది. దాన్ని మిషను మీద పెట్టి ముఖం చదును చేస్తాం. ఫేసింగ్ అంటాం. అర మిల్లీమీటరు కోస్తే పిస్టన్ పైన ఉండే చోటు ఆ మేరకు తగ్గి, కంప్రెషన్ పెరుగుతుంది. కొంచెం పెరిగితే బండి హుషారుగా లాగుతుంది, పెట్రోలు కూడా కలిసొస్తుంది. ఇంకొంచెం పెరిగితే గట్టు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు నాకింగ్ మొదలవుతుంది. అప్పుడు హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్ రేకును మందమైనది వేసి సర్దుకోవాలి. కోసిన లోహం మళ్లీ అంటుకోదు కాబట్టి, మిషను ఆన్ చేసే ముందు ప్రతిసారీ రెండుసార్లు కొలిచేవాణ్ణి.

టర్బో ఉన్న పెట్రోలు ఇంజిన్‌కు ఈ తలనొప్పి మరీ ఎక్కువ. టర్బో గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. ఆ గాలిని మళ్లీ గట్టిగా నొక్కితే మంట అదుపు తప్పుతుంది. అందుకని కంప్రెషన్ తగ్గించి కట్టాలి. తగ్గించి కడితే, టర్బోతో పని లేకుండా నింపాదిగా పోయేటప్పుడు పెట్రోలు దండగ. అందరూ మధ్యలో ఒక అంకె ఎంచుకుని రాజీ పడతారు. నిస్సాన్ వాళ్లు రాజీ పడలేదు. నింపాదిగా పోతున్నప్పుడు 14:1, అంటే పద్నాలుగు వంతుల చోటును ఒక వంతుకు నొక్కడం, తొక్కినప్పుడు 8:1, ఆ రెండింటి నడుమ ఎంత కావాలంటే అంత. హెడ్డు కోయరు, గ్యాస్కెట్ మార్చరు.

ఎలాగంటారా? బావిలో నీళ్లు తోడే ఏతం చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ నుంచి కనెక్టింగ్ రాడ్ నేరుగా క్రాంక్‌కు, అంటే పిస్టన్ ఎక్కడం దిగడాన్ని తిరగడంగా మార్చే ఇరుసుకు వస్తుంది. ఇందులో నేరుగా రాదు. క్రాంక్ పిన్ను మీద ఒక బలమైన ముక్క ఏతం మానులా కూర్చుంటుంది. దాని ఒక కొసకు పిస్టన్ రాడ్డు తగిలించారు. రెండో కొసను కింద నుంచి ఇంకో లింకు పట్టుకుని ఉంటుంది. ఆ లింకు అడుగున కంట్రోల్ షాఫ్టు. ఒక ఎలక్ట్రిక్ మోటారు ఈ షాఫ్టును కాస్త తిప్పితే రెండో కొస లేస్తుంది లేదా దిగుతుంది. దాంతో ఇవతల పిస్టన్ ఎక్కే ఎత్తు మారిపోతుంది. ఇంజిన్ తిరుగుతుండగానే ఇదంతా జరుగుతుంది.

కాగితం తీసుకుని లెక్క వేశాను. ఇది మూడు సిలిండర్ల ఒకటిన్నర లీటరు ఇంజిన్, అంటే సిలిండరుకు సుమారు 500 సీసీ. 8:1 దగ్గర పిస్టన్ పైన మిగిలే చోటు దాదాపు 71 సీసీ, 14:1 దగ్గర 38. ఈ తేడాకు పిస్టన్ సుమారు 6 మిల్లీమీటర్లు ఎత్తు మారాలి. అర మిల్లీమీటరు కోయడానికి చెమటలు పట్టిన చేతులు నావి! ఇంకో తమాషా, ఏతం వంపు మారినప్పుడు పిస్టన్ నడక పొడవు కూడా కొంచెం మారుతుంది. అందుకే ఈ ఇంజిన్ సైజు 8:1 దగ్గర 1,497 సీసీ, 14:1 దగ్గర 1,477 సీసీ. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఏ అంకె రాస్తారో ఆర్టీఓ గుమాస్తానే అడగాలి.

ఇది నిస్సాన్ వాళ్లకే తట్టిన ఆలోచన కాదు. 2000లో స్వీడన్ కంపెనీ సాబ్ జెనీవా ప్రదర్శనలో ఇలాంటిదే ఒకటి చూపించింది. అందులో లింకులు ఉండవు, ఇంజిన్ పైభాగం మొత్తం ఒక పక్కకు వంగుతుంది. అదీ 8 నుంచి 14 వరకే. మార్కెట్‌కు మాత్రం రాలేదు. 2019 మోడల్ ఇన్ఫినిటీ క్యూఎక్స్50లో నిస్సాన్ రెండు లీటర్ల ఇంజిన్‌తో ముందుగా మార్కెట్‌కు తెచ్చింది. మా అమ్మాయి బండిలోది దానికి తమ్ముడు.

ఇక బండి సంగతి. నాకు ఇక్కడి లైసెన్సు లేదు కాబట్టి పక్క సీటే. అయినా ఇంజిన్‌ను అరికాలితో వినడం మాకు అలవాటు. ఒక ఆదివారం చట్టనూగా బయలుదేరాం. 24వ నంబరు హైవే మీద, నిస్సాన్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉన్న డెకర్డ్ ఊరిని ఒక పక్కకు వదిలేసి కాసేపు పోతే మాంట్‌ఈగిల్ కొండ వస్తుంది. లారీలు ఒక పక్కకు జరిగి ఆయాసపడుతూ ఎక్కుతుంటాయి. బండిలో నలుగురం, వెనక పులిహోర డబ్బా, మంచినీళ్ల కేసు. చెప్పులు విప్పి కాళ్లు నేలకు ఆనించి కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట ఇంజిన్ గేరు మార్చినట్టు తడబడుతుంది, అక్కడ పట్టుకుందామనుకున్నాను. అమ్మాయి తొక్కింది. టర్బో అందుకుంది. బండి లారీలను దాటుకుంటూ పైకి పోయింది. 14 ఎక్కడ 8 అయిందో నా కాళ్లకు తెలియలేదు. నాకింగ్ లేదు, తడబాటు లేదు. పోసింది మామూలు 87 ఆక్టేన్ పెట్రోలే. కొండ మీద చదును తగలగానే ఇంజిన్ మళ్లీ సద్దుమణిగింది.

2021 మోడల్ రోగ్‌లో రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉండేది, 181 హార్స్‌పవర్. ఈ ఒకటిన్నర లీటరుది 201. లాగే బలం 305 న్యూటన్ మీటర్లు, పాతదాని కన్నా దాదాపు పాతిక శాతం ఎక్కువ.

మైలేజీ నేనే రాసుకున్నాను. చట్టనూగా రానుపోను, ఊళ్లో తిరిగినవి కలిపి 214 మైళ్లకు 6.2 గాలన్లు పట్టింది. మన లెక్కలో లీటరుకు 14.7 కిలోమీటర్లు. అమ్మాయిది ముందు చక్రాలకే పవర్ వెళ్లే రకం. దానికి ప్రభుత్వం చెప్పే హైవే అంకె గాలనుకు 37 మైళ్లు, ఊరూ హైవే కలిపితే 33. కొండ ఎక్కి దిగిన బండికి నాకు వచ్చింది మంచి అంకె. బడికీ బజారుకూ తిరిగే వారంలో మాత్రం గాలనుకు 28 మైళ్లే వచ్చింది. ఇంజిన్ వేడెక్కేలోపే దిగిపోయే ప్రయాణాల్లో ఎంత తెలివైన లింకులైనా చేసేదేమీ ఉండదు.

నచ్చనివీ ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగులో సన్నని వణుకు. మూడు సిలిండర్ల స్వభావం అది, నేను పట్టించుకోను, మా ఆవిడ పట్టించుకుంటుంది. రెండోది గేర్ బాక్సు. సీవీటీ. మెట్లు లేని గేర్లు కాబట్టి తొక్కినప్పుడు ఇంజిన్ ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉంటుంది, వేగం దాని వెనక వస్తుంది. ఇంత పనితనం ఉన్న ఇంజిన్ గొంతు ఎక్కుతూ దిగుతూ వినాలని నాకు ఆశ. అల్లుడు గారికి ఆ శబ్దమే వినబడదట.

ఇదే ఇంజిన్ మన దేశానికీ వచ్చింది. 2024 ఆగస్టులో ఎక్స్-ట్రెయిల్ అనే నిస్సాన్ బండిలో, 163 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) బలంతో, పూర్తిగా తయారైన బండిగా దిగుమతి చేసి షోరూం ధర 49.92 లక్షల రూపాయలు పెట్టారు. ఆ డబ్బుకు ఆటోనగర్‌లో ఇంకో షెడ్డు వస్తుంది. ఇంజిన్ ఎంత నచ్చినా ఇక్కడైతే కొనమంటాను, అక్కడైతే ఆగమంటాను. అక్కడ ఈ బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఒక లింకు పిన్ను కావాలంటే ఓడ కోసం ఎదురుచూడాలి.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మ చూసిన రాత్రి నేను ముందు లెక్కపెట్టింది కీళ్లు. మామూలు ఇంజిన్‌లో ఒక సిలిండరుకు రెండు కీళ్లు, పిస్టన్ పిన్ను దగ్గర ఒకటి, క్రాంక్ దగ్గర ఒకటి. ఇందులో ఐదు. మూడు సిలిండర్లకు ఆరు ఉండాల్సిన చోట పదిహేను. ప్రతి కీలుకూ బేరింగ్, ప్రతి బేరింగ్‌కూ ఆయిల్ అందాలి. బలమంతా ఆ సన్నని ఆయిల్ పొర మీద నడవాలి. "ఈ ఇంజిన్ పోతే బేరింగ్ దగ్గరే పోతుంది" అని ఆ రాత్రే అల్లుడు గారితో అన్నాను. ఆయన చిన్నగా దగ్గి, 2025లో వచ్చిన రీకాల్ కాగితం చూపించారు. బేరింగుల తయారీలో లోపాల వల్ల అమెరికాలో ఈ రకం ఇంజిన్లున్న నాలుగు లక్షల నలభై వేలకు పైగా బండ్లను పరీక్షకు పిలిచారు. రోగ్, ఆల్టిమా, ఇన్ఫినిటీ బండ్లు. ఆయిల్ సంపులో లోహపు రజను ఉందేమో చూస్తారు, ఉంటే ఇంజిన్ బాగు చేస్తారు లేదా మారుస్తారు.

పాత బండి కొనాలనుకునేవాళ్లు దాని ఛాసిస్ నంబరును అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైటులో కొట్టి, ఈ పరీక్ష అయిందో లేదో చూసుకోండి. కాలేదంటే బేరానికి కూర్చోకండి. ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు, మా అమ్మాయి చేత 5,000 మైళ్లకే మార్పిస్తున్నాను.

మా బండి వంతు వచ్చిన రోజు నేనూ వెళ్లాను. గాజు గోడకు ఇవతల కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. నాకు కాఫీ దిగలేదు. అమ్మాయిని బతిమాలి, దించిన ఆయిల్ ఒక్కసారి చూపించమని అడిగించాను. లోపల పనిచేసే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, ఒక కాగితపు గిన్నెలో కొంచెం తెచ్చి ఇచ్చాడు. రెండు వేళ్ల మధ్య వేసి రుద్దాను. గరుకు లేదు. వెలుతురుకు పట్టుకుని చూశాను, మెరుపు లేదు. ఆ కుర్రాడు నవ్వి, తన వేలు కూడా ముంచి అలాగే రుద్దాడు. అమ్మాయి టిష్యూ కాగితం ఇవ్వబోయింది. కాసేపు ఉండనీ అన్నాను, చేతికి ఇంజిన్ ఆయిల్ అంటి నాలుగు నెలలైంది.