నాలుగేళ్లుగా వాడుతున్న ఆఫీసు చాట్ యాప్ గురించి

పేరు చెప్పను. ఆఫీసులో అందరూ వాడాలన్నారు కాబట్టి వాడుతున్నాను, ఏరికోరి తెచ్చుకున్నది కాదు. సందేశాలు గల్లంతు కావు, పాత సంభాషణ వెతికితే దొరుకుతుంది, కాల్‌లో మాట స్పష్టంగా వినిపిస్తుంది. అంతవరకు ఫిర్యాదు లేదు.

నా లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. పొద్దున యాప్ తెరిచి ఊరికే వదిలేసినా అది 600 ఎంబీ ర్యామ్ తింటోందని టాస్క్ మేనేజర్ చూపిస్తుంది. మధ్యాహ్నానికి జీబీ దాటుతుంది. పక్కన పెద్ద స్ప్రెడ్‌షీట్ తెరిచానా, ఫ్యాను హోరెత్తుతుంది, టైపు చేసిన అక్షరం తీరిగ్గా తెరమీదికి వస్తుంది. విండోస్ 95 నడవడానికి కనీసం 4 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు (అది నత్తనడకే అనుకోండి). హార్డ్‌వేర్ వేగం పుంజుకునే దానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ మందగిస్తోందని కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ వాపోయింది కూడా ఆ 1995లోనే. ఇక్కడ నేను చేస్తున్న పనల్లా నాలుగు ముక్కలు రాసి పంపడం.

కారణం రహస్యమేమీ కాదు. ఎలక్ట్రాన్ అనే యాప్ తయారీ సాధనంతో కట్టిన యాప్ ఇది, క్రోమియం బ్రౌజర్‌ను పొట్టలో పెట్టుకునే వస్తుంది. ఇలాంటివి మూడు తెరిస్తే మూడు బ్రౌజర్లు విడివిడిగా నడుస్తున్నట్టే. ఒకసారి రాసిన కోడు విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లోనూ పనిచేస్తుంది కాబట్టి తయారీదారుకు జీతాలు కలిసొస్తాయి. లినక్స్ వాడే నా సహోద్యోగికి యాప్ దక్కింది బహుశా ఆ పుణ్యానే, కాదనను.

సహాయ విభాగానికి రాస్తే ర్యామ్ పెంచుకోండి అన్నారు. నా లాప్‌టాప్‌లో అది బోర్డుకే అతికి ఉంది, పెంచుకోవడమంటే కొత్తది కొనడమే. ఒళ్లు మండింది అక్కడే. ఇదే మెమరీ వాళ్లు అద్దెకు తీసుకున్న సర్వర్ల మీద ఖర్చయితే నెల తిరిగేసరికి బిల్లు వాళ్ల చేతికొచ్చేది, వెంటనే ఎవరో ఒకరు కూర్చుని సరిచేసేవారు. నా బల్లమీద ఖర్చయినది వాళ్ల పద్దులో ఎక్కడా పడదు. బ్యాటరీ మూడు గంటలకే నీరసపడితే ఛార్జర్ వెతుక్కునేది నేను. మా బృందంలో ఆరుగురికి ఆఫీసు కొత్త లాప్‌టాప్‌లు కొనిచ్చింది. కొనుగోలు కాగితంలో కారణం ‘పాత యంత్రాలు’ అని ఉంది. సొంతది వాడుతున్నాను కాబట్టి నేను ఆ జాబితాలో లేను.

ఐదుకు రెండున్నర ఇస్తాను. ఈ మధ్య బ్రౌజర్ ట్యాబ్‌లోనే తెరుస్తున్నాను, సగం మెమరీతో సరిపోతోంది, నోటిఫికేషన్లు మాత్రం ఒక్కోసారి ఆలస్యమవుతున్నాయి. తెర పంచుకోవాల్సినప్పుడు యాప్ తప్పదు, అప్పుడు ముందుగా స్ప్రెడ్‌షీట్ మూసేస్తాను.