రెండో ఆల్బమ్: రీల్ బిగ్ ఫిష్‌దా, లెస్ దేన్ జేక్‌దా?

ఈ రెండు అమెరికన్ బ్యాండ్ల రెండో ఆల్బమ్‌లూ 1996లోనే వచ్చాయి. కాలిఫోర్నియా కుర్రాళ్లు రీల్ బిగ్ ఫిష్‌ది 'టర్న్ ద రేడియో ఆఫ్', ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ బ్యాండ్ లెస్ దేన్ జేక్‌ది 'లూజింగ్ స్ట్రీక్'. స్కా పంక్ (జమైకా స్కా లయ, పంక్ రాక్ వేగం కలిసిన సంగీతం) కొత్తగా వినేవాళ్లకు 'టర్న్ ద రేడియో ఆఫ్' ఇస్తాను. రెండు ట్రంపెట్లు, రెండు ట్రాంబోన్లు కలిసి ఊదుతుంటే పెళ్లి బ్యాండ్ వీధి మలుపు తిరిగినంత హుషారు! మొదటి పాట 'సెల్ అవుట్'లో కుర్రాడు బర్గర్ల కొట్టు ఉద్యోగం వదిలి రికార్డు కంపెనీకి సంతకం పెడతాడు. చిత్రంగా, 'లూజింగ్ స్ట్రీక్'లోనూ డబ్బు కోసం అమ్ముడుపోయారన్న (అదే, 'సెల్ అవుట్') నింద మీద ఒక పాట ఉంది. వీళ్లూ అప్పుడే క్యాపిటల్ అనే పెద్ద రికార్డు కంపెనీలో చేరారు మరి. ఇందులో గిటార్ గరుకు ఎక్కువ, వేగమూ ఎక్కువే. నవ్వించేది 'టర్న్ ద రేడియో ఆఫ్' అయినా, నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది మాత్రం 'లూజింగ్ స్ట్రీక్'.