చిన్న ఊరికి ఏది మేలు: రోజుకు రెండు ఏటీఆర్‌లా, ఒక్క ఎయిర్‌బస్సా?

2025 డిసెంబరు మొదటి వారంలో శంషాబాద్‌తో సహా దేశంలోని ఎయిర్‌పోర్టుల్లో జనం పడ్డ పడిగాపులు అందరం చూశాం. ఒక్క 5వ తేదీనే ఇండిగో వెయ్యికి పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. పైలట్ల డ్యూటీ, విశ్రాంతి నిబంధనల్లో రెండో విడత నవంబరు 1న అమల్లోకి వచ్చింది. రాత్రి ల్యాండింగుల పరిమితి ఆరు నుంచి రెండుకు తగ్గింది. అంతకు ముందే జులైలో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. దానికి సరిపడా పైలట్లను కంపెనీ సిద్ధం చేసుకోలేదు. చివరికి షెడ్యూల్లో పది శాతం తగ్గించుకోమని ప్రభుత్వమే ఆదేశించింది. ఈ నిబంధనలు మాత్రం సడలించకూడదనే నా అభిప్రాయం. నిద్రలేని పైలట్ నడిపే ఫ్లైట్ ఉండటం కంటే ఆ ఫ్లైట్ లేకపోవడమే నయం.

అయితే పైలట్లు చాలనప్పుడు ఏ ఊరి సర్వీసు ముందు పోతుంది? ఇది చాలా వరకు ఆ ఊరికి వచ్చే విమానం ఏదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే రాజమండ్రి, కడప, కర్నూలు లాంటి ఊళ్లవాళ్లు "మాకూ పెద్ద విమానం కావాలి" అని అడిగే ముందు రెండు రకాల లెక్కా చూసుకోవాలి.

ఏటీఆర్ 72 రెక్కలకు పంకాలున్న విమానం. ఇండిగో దాంట్లో 78 సీట్లు పెట్టింది. మన దేశంలో 80 సీట్లలోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీ ఉండదు, అందుకే ఆ అంకె. ఎయిర్‌బస్ ఏ320లో 180, 186 సీట్లుంటాయి. గంటకు అది తాగే ఇంధనంలో ఏటీఆర్‌కు సుమారు మూడో వంతు చాలు. క్యాబిన్ సిబ్బంది ఏటీఆర్‌లో ఇద్దరు, ఎయిర్‌బస్‌లో నలుగురు. కానీ కాక్‌పిట్‌లో మాత్రం రెండింటికీ ఇద్దరే: ఒక కెప్టెన్, ఒక ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్). అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మన దేశంలో ఒక పైలట్ ఏడాదికి వెయ్యి గంటలకు మించి నడపకూడదు. పైలట్లు సమృద్ధిగా ఉన్న రోజుల్లో కంపెనీ ఇంధనం లెక్క చూసుకుంటుంది, అప్పుడు చిన్న దూరాలకు ఏటీఆర్ గెలుస్తుంది. పైలట్లు కరువైతే మాత్రం ఒక్కో పైలట్ గంటకు ఎంతమందిని మోయగలం అన్న లెక్క ముందుకొస్తుంది. అప్పుడు ఎయిర్‌బస్‌ది రెట్టింపు పైమాటే. డ్రైవర్లు చాలని ఆర్టీసీ డిపోలో పల్లె ట్రిప్పులే ముందు ఆగిపోయినట్టు, చిన్న విమానాల రూట్లకే ముందు కోత పడుతుంది.

2024 ఏప్రిల్లో విస్తారా విమాన కంపెనీ చేసిందీ ఇలాంటిదే. ఎయిరిండియాలో విలీనానికి ముందు జీతాల ఒప్పందం మార్చడంతో పైలట్లలో అసంతృప్తి వచ్చింది, సిబ్బంది కొరత ఏర్పడింది. కంపెనీ దాదాపు పది శాతం ఫ్లైట్లు తగ్గించి, కొన్ని దేశీయ రూట్లలో పెద్ద డ్రీమ్‌లైనర్లను, ఏ321లను దించి, రెండు ఫ్లైట్ల జనాన్ని ఒకదాంట్లోకి సర్దింది. ఢిల్లీ, ముంబయి మధ్య ఆ సర్దుబాటు కుదురుతుంది. కడపలో రెండు ఫ్లైట్లు కలిపినా డ్రీమ్‌లైనర్ నిండదు, అది దిగే రన్‌వే కూడా అక్కడ లేదు.

అమెరికాలో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర జరిగిన ప్రమాదంలో 50 మంది చనిపోయాక అక్కడ చట్టం మారింది. కొన్ని మినహాయింపులు తప్ప, ప్రయాణికుల విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌కైనా 1,500 గంటల అనుభవం ఉండాలన్నారు. 2020లో కోవిడ్ వచ్చి పెద్ద కంపెనీల పైలట్లు చాలామంది ముందుగానే రిటైర్ అయ్యారు. జనం మళ్లీ ఎగరడం మొదలుపెట్టేసరికి పెద్ద కంపెనీలు చిన్న కంపెనీల పైలట్లను లాగేసుకున్నాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్ అనే ప్రాంతీయ కంపెనీ 29 చిన్న ఊళ్ల సర్వీసుల నుంచి తప్పుకుంటానని నోటీసిచ్చింది, వేరే కంపెనీ దొరికేదాకా నడపాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టింది. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ టొలీడో, ఇథాకా, ఐస్లిప్ ఊళ్లను వదిలేసింది. ఇథాకా అంటే కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. విమానాశ్రయం, రన్‌వే అన్నీ ఉన్నా, అక్కడికి వచ్చే 50 సీట్ల జెట్‌లను నడిపే మనుషులు చాలలేదు.

మన దగ్గరా పైలట్లకు ఏటీఆర్ చాలాసార్లు మొదటి మెట్టే. అక్కడ గంటలు పోగేసుకుని ఎయిర్‌బస్‌కి, ఆ తర్వాత వీలైతే విదేశాలకు పోతారు. ఎయిరిండియా 2023లో 470 విమానాలకు, ఇండిగో 500కు ఆర్డరిచ్చాయి, వాటిలో ఏటీఆర్‌లు లేవు. ఏటీఆర్ కెప్టెన్‌ను ఎయిర్‌బస్‌లో కూర్చోబెట్టాలంటే మళ్లీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా కావాల్సిన అర్హత), సిమ్యులేటర్, పరీక్షలు, అంతా కలిపి నెలల పని. ఆ నెలల్లో అతను ఇటూ నడపడు, అటూ నడపడు.

ఇంత చెప్పాక కూడా, సొంతంగా దండిగా ప్రయాణికులు లేని ఊరికి నా ఓటు ఏటీఆర్‌కే.

రోజుకు ఒక్క ఎయిర్‌బస్ అంటే 180 సీట్లు, రెండు ఏటీఆర్‌లు అంటే 156. సీట్ల లెక్కలో ఎయిర్‌బస్సే ముందుంది. కానీ మనిషి ప్రయాణం వేళలతో ముడిపడి ఉంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటే హైదరాబాదులో డాక్టరుకు చూపించుకుని రాత్రికి ఇంటికి చేరొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి రెండింటికి పోయే ఒక్క ఫ్లైట్ ఉంటే హోటల్ ఖర్చు తప్పదు. పొద్దుటిది రద్దయితే సాయంత్రందానిలో సీటు దొరికే ఆశైనా ఉంటుంది. ఉన్న ఒక్కటీ రద్దయితే మర్నాటిదాకా టెన్షనే, శంషాబాద్‌లో అమెరికా కనెక్షన్ ఉన్నవాళ్లకు మరీ.

ఎయిర్‌బస్ మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది, అది దూరం. రాజమండ్రి నుంచి ఢిల్లీకి ఏటీఆర్‌లో పోవాలంటే దాదాపు మూడు గంటలు పడుతుంది, ఎవరూ నడపరు. రాజమండ్రిలో రన్‌వేని మూడు కిలోమీటర్లు దాటించారు కాబట్టే 2024 డిసెంబరులో ఢిల్లీకి నేరుగా ఎయిర్‌బస్ మొదలైంది. రెండు గోదావరి జిల్లాల జనం, వ్యాపారం, విదేశాల్లో ఉన్న పిల్లలు, ఇవన్నీ ఆ విమానాన్ని నింపగలవు. అక్కడ ఢిల్లీ, ముంబయికి జెట్ ఉండాల్సిందే. కానీ అది వచ్చిందని హైదరాబాదు ఏటీఆర్ ట్రిప్పులు తగ్గిస్తే ఒప్పుకోకూడదు.

కడప సంగతి వేరు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద మొదటి ఫ్లైట్లు ఎగిరిన రోజే కడప–హైదరాబాద్ సర్వీసు ఎగిరింది. నడిపింది హైదరాబాదుకు చెందిన ట్రూజెట్, అన్నీ ఏటీఆర్‌లే. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఆగిపోయింది. హైదరాబాదుకు రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు కాబట్టి కడపకు విమానం నిజమైన అవసరం. రోజూ జెట్‌ను నింపేంత జనం మాత్రం లేరు. ఇక్కడ రెండు ఏటీఆర్‌ల కోసమే గట్టిగా పట్టుబట్టాలి.

కర్నూలుకు హైదరాబాదు ఫ్లైట్ అవసరమే లేదు. శంషాబాద్ కర్నూలు వైపే ఉంది, 44వ నంబరు హైవే మీద మూడు గంటలు, మూడున్నర గంటల్లో చేరతారు. చెకిన్ సమయం కలుపుకుంటే విమానంలోనూ దాదాపు అంతే. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విశాఖ, విజయవాడ, చెన్నైలకు ఏటీఆర్ ఉంటే మాత్రం రోజంతా పట్టే ప్రయాణం గంటన్నర, రెండు గంటలకు దిగుతుంది.

ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేటప్పుడు సీట్లతో పాటు రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఏ వేళల్లో, ఎన్ని రద్దు చేస్తే డబ్బు కోత అన్నది ఒప్పందంలో రాయాలి. ఏటీఆర్ కెప్టెన్ జీతం ఎయిర్‌బస్ కెప్టెన్ జీతానికి దగ్గరగా వచ్చేలా చూడాలి. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అనుబంధ కంపెనీల్లో కొత్త ఫస్ట్ ఆఫీసర్ల జీతాన్ని బోనస్‌తో కలిపి గంటకు 90 డాలర్లకు పెంచింది. మనవాళ్లు పైలట్లు పోకముందే ఆ పని చేయాలి.